ప్రోస్టేట్ క్యాన్సర్ నడుం దాకా ఎలా వస్తుంది?

మన ఓపీలో ఇంటివాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "నాన్నగారికి నడుం నొప్పి అని తీసుకొచ్చాము. ఎక్స్‌రే తీశారు, రక్త పరీక్ష చేశారు, చివరికి ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నారు. ప్రోస్టేట్ ఎక్కడ, నడుం ఎక్కడ? ఇది అక్కడికి ఎలా వచ్చింది?" అడగవలసిన ప్రశ్నే. దీనికి జవాబు తెలిస్తే డాక్టరుగారు ఫలానా మందే ఎందుకు రాశారో, ఏ లక్షణం కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తుకు రావాలో రెండూ తెలుస్తాయి. అందుకే ఈ సంచికలో దానికి ఎక్కువ చోటు ఇస్తున్నాము. మధ్యలో కొంత సైన్సు వస్తుంది. ఓపిక చేసుకొని చదవండి. ఒక పేరా కొరుకుడు పడకపోతే వదిలేసి తరువాతి దానికి వెళ్ళినా ఫరవాలేదు.

ముందు గ్రంథి సంగతి. ప్రోస్టేట్ మగవాళ్ళకు మాత్రమే ఉండే గ్రంథి. మూత్రసంచికి సరిగ్గా కింద, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. పరిమాణం అక్రోటుకాయంత. వీర్యంలో కలిసే ద్రవాన్ని తయారు చేయడం దాని పని. యాభై దాటాక చాలామందిలో ఇది పెద్దదవుతుంది, మూత్రం ధార సన్నబడుతుంది, రాత్రి మూడు నాలుగుసార్లు లేవవలసి వస్తుంది. ఇలా పెరిగిన ప్రతి గ్రంథీ క్యాన్సర్ కాదు. వయసుతో వచ్చే మామూలు వాపే ఎక్కువ, అది ఒంట్లో మరెక్కడికీ పాకదు. క్యాన్సర్ వేరే జబ్బు. అది చాలావరకు గ్రంథి అంచు భాగంలో పుడుతుంది కనుక మొదట్లో మూత్రానికి ఏ అడ్డూ ఉండకపోవచ్చు. మూత్రం బాగానే వస్తోంది కదా అని ధీమాగా ఉన్న మనిషికి జబ్బు మొదటగా నడుంలో కనిపించడానికి ఒక కారణం ఇదే.

కణం తనంతట తాను కదలదు

ఇప్పుడు అసలు విషయం. మన శరీరంలో కణాలు ఒక పద్ధతి ప్రకారం ఉంటాయి. ప్రోస్టేట్ కణం ప్రోస్టేట్‌లోనే ఉండాలి. పక్క కణాన్ని పట్టుకొని, కింద ఉన్న పలుచని పొర మీద కూర్చొని, తన పని తాను చేసుకోవాలి. అది పెరగాలన్నా, చీలి రెండు కావాలన్నా, చోటు మారాలన్నా, చివరికి చనిపోవాలన్నా దానికి కబురు అందాలి. ఈ కబురునే శాస్త్రజ్ఞులు సిగ్నల్ అంటారు.

ఉస్మాన్‌గంజ్ వైపు నుంచి వచ్చే మన పేషెంట్లకు ఇది చప్పున అర్థమవుతుంది. అక్కడ దుకాణాల ముందు మూటలు వరుసగా పేర్చి ఉంటాయి. ఏ మూటా తనంతట తాను లారీ ఎక్కదు. సేఠ్‌గారు చెప్పాలి, గుమాస్తా చిట్టీ రాయాలి, దాని మీద ముద్ర పడాలి, ఆ చిట్టీ హమాలీల మేస్త్రీ చేతికి రావాలి, అప్పుడు హమాలీ మూట ఎత్తుతాడు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బిల్టీ కట్టాకే సరుకు ఊరు దాటుతుంది. కణంలో జరిగేదీ దాదాపు ఇంతే. కణం పైపొర మీద కబురు అందుకునే ప్రోటీన్లు ఉంటాయి. వీటిని రిసెప్టర్లు అంటారు. బయటి నుంచి వచ్చిన పదార్థం రిసెప్టర్‌ను తాకితే అది లోపలి ప్రోటీన్‌కు చెబుతుంది, అది మరో దానికి, అది ఇంకో దానికి. చివరి ప్రోటీన్ పని చేస్తుంది.

చిట్టీ మీద పడే ముద్ర లాంటిది కణంలో కూడా ఉంది. అది ఫాస్ఫేటు. ఒక ప్రోటీన్‌కు ఫాస్ఫేటు అతికిస్తే అది పనిలోకి దిగుతుంది, తీసేస్తే ఆగిపోతుంది. కొన్నింటికి మాత్రం దీనికి తలకిందులుగా ఉంటుంది. అతికించే ప్రోటీన్లను కైనేజులు అంటారు. వాటికి కావలసిన ఫాస్ఫేటు ఏటీపీ అనే పదార్థం నుంచి వస్తుంది.

ఏటీపీ మాట వచ్చింది కనుక ఒక తెలుగు మనిషి పేరు చెప్పకుండా ముందుకు వెళ్ళలేము. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో, మద్రాసులో చదివి అమెరికాలో హార్వర్డ్‌కు వెళ్ళారు. అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పద్ధతితోనే వాళ్ళు 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కనుగొన్నారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నాడు. తరువాత లెడర్లీ కంపెనీలో సుబ్బారావుగారి బృందం తయారు చేసిన మందుతోనే సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌ను కొంతకాలమైనా అణచగలిగాడు. ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి, సుబ్బారావుగారు అదే ఏడాది కన్నుమూశారు. ఆయన ఏటీపీని చూసిన రోజుల్లో దాన్ని కండరానికి శక్తినిచ్చే పదార్థంగానే అనుకున్నారు. కణంలో కబుర్లకు పడే ముద్ర కూడా దాని నుంచే వస్తుందని తెలియడానికి ఇంకా పాతికేళ్ళు పైనే పట్టింది.

పెద్ద కబురు: టెస్టోస్టిరాన్

ప్రోస్టేట్ కణానికి అందే కబుర్లలో పెద్దది మగ హార్మోన్, అంటే టెస్టోస్టిరాన్. ఇది ఎక్కువ భాగం వృషణాల్లో, కొద్దిగా మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల్లో తయారవుతుంది. ఇది కణం తలుపు దగ్గర ఆగే కబురు కాదు. నేరుగా లోపలికి పోయి, అక్కడ ఇంకా బలమైన రూపానికి మారి, ఆండ్రోజన్ రిసెప్టర్‌ను పట్టుకొని, దానితో పాటు కేంద్రకంలోకి వెళ్ళి డీఎన్ఏ మీద కూర్చుంటుంది. పెరుగు, చీలు, పీఎస్ఏ తయారు చెయ్యి అని ఆజ్ఞ అక్కడి నుంచి వెలువడుతుంది. మనం రక్తంలో కొలిచే పీఎస్ఏ ఈ ఆజ్ఞ ఎంత జోరుగా నడుస్తోందో చూపే గుర్తు. అందుకే హార్మోన్ వైద్యం మొదలుపెట్టాక మేము పీఎస్ఏ పదేపదే చూస్తాము.

ఈ కబురు ఆపితే క్యాన్సర్ తగ్గుతుందని చికాగోలో చార్లెస్ హగ్గిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ 1941లో చూపించారు. జబ్బు ఎముకలకు పాకిన మగవాళ్ళకు వృషణాలు తీసేస్తే చాలామందికి నొప్పి తగ్గింది. కొందరు మంచం దిగి తిరిగారు. మందు కనిపెట్టకుండానే, ఒక కబురు ఆపడంతో ఒంట్లోని క్యాన్సర్ వెనక్కి తగ్గింది. ఎనభై ఏళ్ళు దాటినా పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్‌కు మొదటి వైద్యం నేటికీ ఇదే.

ఈ వైద్యం రెండు రకాలుగా చేయవచ్చు. ఒకటి చిన్న ఆపరేషన్. ఒక్కసారితో అయిపోతుంది, ఖర్చు తక్కువ. రెండవది నెలకో మూడు నెలలకో వేసే ఇంజెక్షన్. ఈ ఇంజెక్షన్లలో ఎక్కువగా వాడే రకం పనిచేసే తీరు తమాషాగా ఉంటుంది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి వృషణాలకు కబురు పంపుతుంది. ఇంజెక్షన్ ఆ గ్రంథి చెవిలో రోజంతా అదేపనిగా అరుస్తుంది. మొదటి ఒకటి రెండు వారాలు గ్రంథి కంగారుపడి ఎక్కువ కబుర్లు పంపుతుంది, తరువాత విసిగి వినడం మానేస్తుంది. ఆ మొదటి రోజుల్లో టెస్టోస్టిరాన్ పెరిగి నొప్పి ఎక్కువ కావచ్చు. అందుకే ఇంజెక్షన్‌కు కొద్ది రోజుల ముందు నుంచి అడ్డుకునే మాత్ర ఇస్తాము. "ఇంజెక్షన్ వేయకముందే మాత్ర ఎందుకు, డబ్బులు దండగ" అని మానేయకండి. వెన్నెముకలో గడ్డ ఉన్నవారికి ఆ పది రోజులే ప్రమాదం.

ఆపరేషన్ అనగానే మన ఇళ్ళల్లో చాలామంది పెద్దవాళ్ళు ముఖం తిప్పుకుంటారు. మగతనం పోతుందని దిగులు, నలుగురికీ తెలుస్తుందని బెంగ. ఈ బాధను మేము తేలికగా తీసుకోవడం లేదు. కోరిక తగ్గుతుంది, ఒళ్ళు ఆవిర్లు వస్తాయి, నీరసం ఉంటుంది, కొంతకాలానికి ఎముకలు పలుచబడతాయి. ఇంజెక్షన్‌తో కూడా ఇవన్నీ వస్తాయి, ఎందుకంటే రెండూ ఆపేది ఒకే హార్మోన్‌ను. కనుక ఏది ఎంచుకోవాలన్నది ఖర్చు, దూరం, మనసు చూసుకొని భార్యాభర్తలు కూర్చొని మాట్లాడుకోవలసిన విషయం. అన్నదమ్ములు, కొడుకులు గుంపుగా నిర్ణయించి పెద్దాయనకు చివర్లో చెప్పడం మేము చాలాసార్లు చూశాము. దయచేసి అలా చేయకండి.

పట్టు వదిలి కదలడం

పెరగడం వేరు, కదలడం వేరు. పెరిగిన గడ్డ గ్రంథిలోనే ఉంటే ఆపరేషన్‌తోనో రేడియేషన్‌తోనో పూర్తిగా పోగొట్టే అవకాశం ఎక్కువ. కణాలు చోటు వదిలి నడవడం మొదలుపెట్టాకే చిక్కు.

మామూలు కణాలు ఒకదాన్నొకటి ఇ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్‌తో పట్టుకొని ఉంటాయి. గోనె సంచికి పురికొస కుట్టు ఎలాంటిదో ఇదీ అలాంటిది. క్యాన్సర్ కణాల్లో ఈ కుట్టు వదులవుతుంది. బయాప్సీ రిపోర్టులో మీరు చూసే గ్లీసన్ స్కోరు ఒక రకంగా దీన్నే చెబుతుంది. డొనాల్డ్ గ్లీసన్ 1966లో ఈ పద్ధతి ప్రకటించినప్పుడు ఒక్కొక్క కణం ఎలా ఉందని చూడలేదు, కణాలు కలిసి ఎలా కూర్చున్నాయో చూశాడు. మూడో రకంలో గ్రంథులు విడివిడిగా, గుండ్రంగా ఉంటాయి. నాలుగులో ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అయిదులో గ్రంథి రూపమే పోయి కణాలు ఒంటరిగానో వరుసగానో కనిపిస్తాయి. అంటే ఇరుగుపొరుగు వదిలేసినవన్నమాట. రిపోర్టులో 3+3 అని ఉంటే డాక్టరుగారు నింపాదిగా మాట్లాడటానికీ, 4+5 అని ఉంటే వెంటనే స్కానింగ్ రాయడానికీ కారణం అదే.

పక్కవాళ్ళను వదిలేసిన కణం ఎలా నడుస్తుంది? జలగ నడక చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. ముందు భాగం చాచి అంటించుకుంటుంది, వెనుక పట్టు వదులుతుంది, ఒళ్ళు లాక్కుంటుంది. కణం కూడా అంతే. లోపల ఆక్టిన్ అనే సన్నని పోగులు పెరిగి పైపొరను ముందుకు నెడతాయి. ఇంటెగ్రిన్ అనే ప్రోటీన్లు నేలను పట్టుకుంటాయి. ఎప్పుడు పట్టుకోవాలి, ఎప్పుడు వదలాలి అని చెప్పేవి రెండు కైనేజులు. వాటి పేర్లు ఫ్యాక్, సార్క్. ఇవి ముద్ర వేసినప్పుడల్లా ఒక పట్టు ఊడి ఇంకొకటి పడుతుంది. క్యాన్సర్ కణంలో ఈ ముద్రలు ఆగకుండా పడుతుంటాయి.

ఈ సార్క్ కథ పాతదే. 1911లో న్యూయార్కులో పేటన్ రౌస్ ఒక కోడికి వచ్చిన గడ్డను నూరి, కణాలు పోకుండా వడగట్టి, ఆ రసాన్ని వేరే కోడికి ఎక్కిస్తే దానికీ గడ్డ వచ్చింది. కారణం ఒక వైరస్ అని, ఆ వైరస్ మోసే చెడ్డ జన్యువే సార్క్ అని తరువాత తెలిసింది. అంతకన్నా ఆశ్చర్యం 1976లో బయటపడింది. ఆ జన్యువు వైరస్ సొంతం కాదట, మామూలు కోడి కణాల్లో ఉండేదే, వైరస్ దాన్ని ఎత్తుకుపోయింది. మన కణాల్లోనూ అది ఉంది. అదుపులో ఉన్నంతవరకు అది లేనిదే మనకు గడవదు. రౌస్‌కు నోబెల్ బహుమతి వచ్చేనాటికి ఆయన వయసు 87. ఆ 1966 బహుమతిని ఆయనతో పంచుకున్నది ఎవరో కాదు, ప్రోస్టేట్ హార్మోన్ వైద్యం కనుగొన్న చార్లెస్ హగ్గిన్స్.

ముద్ర వేసేవాళ్ళుంటే చెరిపేవాళ్ళూ ఉండాలి కదా. పీటెన్ అనే ప్రోటీన్ అలాంటిది. పెరుగు, బతుకు, కదులు అని చెప్పే పెద్ద గొలుసు ఒకటుంది, దానిలో ముఖ్యమైనది ఏకేటీ అనే కైనేజు. పీటెన్ ఆ గొలుసు మొదట్లోనే ఫాస్ఫేటును తీసేసి కబురు ఆపుతుంది. ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్లలో చాలావాటిలో ఈ పీటెన్ జన్యువు పోయి ఉంటుంది. చిట్టీ చించే గుమాస్తా లేని దుకాణంలో పాత చిట్టీలన్నీ చెల్లుతూనే ఉంటాయి.

చుట్టుపక్కల మామూలు కణాలు కూడా తెలియక సాయం చేస్తాయి. గాయం మానడానికి అవి విడుదల చేసే ఒక పదార్థానికి శాస్త్రజ్ఞులు మొదట్లో పెట్టిన పేరే "చెదరగొట్టేది" అని. గిన్నెలో కలిసి ఉన్న కణాల మీద అది పడితే అవి విడిపోయి తలోదారి పట్టాయి. ఇక క్యాన్సర్ కణం ముందున్న పొరను కరిగించే ఎంజైములను కూడా వదులుతుంది. ఆ కన్నం గుండా రక్తనాళంలోకో లింఫ్ నాళంలోకో దూరుతుంది. గ్రంథి దాటి బయటికి రావడం అంటే ఇదే.

ఎముకే ఎందుకు?

రక్తంలోకి వచ్చిన క్యాన్సర్ కణాల్లో దాదాపు అన్నీ చచ్చిపోతాయి. ప్రవాహం తాకిడికి కొన్ని, రక్షక కణాలకు చిక్కి కొన్ని. వేలల్లో ఏ ఒక్కటో ఎక్కడైనా నిలుస్తుంది. ప్రోస్టేట్ నుంచి వచ్చినది చాలాసార్లు ఎముకలోనే నిలుస్తుంది: వెన్నుపూసలు, కటి ఎముకలు, పక్కటెముకలు, తొడ ఎముక పైభాగం.

1889లో లండన్‌లో స్టీఫెన్ పేజెట్ అనే సర్జన్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది స్త్రీల శవపరీక్షల వివరాలు తిరగేశాడు. గాలి ఎటు వీస్తే అటు పడ్డట్టుగా జబ్బు అన్ని అవయవాలకూ సమంగా పాకలేదని గమనించాడు. క్యాన్సర్ కణాన్ని విత్తనంతో, అవయవాన్ని నేలతో పోల్చాడు. విత్తనాలు అన్ని దిక్కులా వెళ్తాయి, తగిన నేలలో పడ్డవే మొలుస్తాయి. మత్తయి సువార్త 13వ అధ్యాయంలో విత్తువాని ఉపమానం చిన్నప్పటి నుంచి విన్న మన సంఘస్థులకు ఈ పోలిక కొత్త కాదు. కాకపోతే ఇక్కడ మంచి నేల దొరకడమే మన దురదృష్టం.

ఎముక మూలుగ మంచి నేల. అక్కడి కణాలు ఒక రసాయనాన్ని విడుదల చేస్తాయి. రక్తం తయారు చేసే మూలకణాలను ఇంటికి రమ్మని పిలిచే కబురు అది. ఆ పిలుపు అందుకునే రిసెప్టర్ ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద కూడా ఉంటుందని 2002లో తేలింది. వేరేవాళ్ళ పేరున ఉన్న బిల్టీ చూపించి సరుకు దింపుకున్నట్టుగా క్యాన్సర్ కణం ఆ ఇంట్లోకి చేరుతుంది. దీనికి తోడు దారి కూడా అనుకూలమే. కటి భాగం నుంచి వెన్నెముక చుట్టూ ఉన్న సిరల్లో కవాటాలు లేవని, రక్తం అటూ ఇటూ పారగలదని ఆస్కార్ బాట్సన్ 1940లో చూపించాడు. దగ్గినా, బరువు ఎత్తినా కటి వైపు రక్తం వెన్నుపూసల వైపు వెళ్ళగలదు. పిలుపు, దారి ఈ రెండిటిలో దేనికి ఎంత బలమో చెప్పడం కష్టం. మా ఉద్దేశంలో రెండూ కావాలి.

ఎముకలో దిగాక క్యాన్సర్ కణం అక్కడి కణాలతో కబుర్లు మొదలుపెడుతుంది. ఎముక కట్టే కణాలను కట్టమంటుంది, అవి అడ్డదిడ్డంగా కడతాయి. వాటి ద్వారా ఎముక తినే కణాలను కూడా రెచ్చగొడుతుంది. ఎముక కరిగినప్పుడు అందులో దాగిన పోషక పదార్థాలు బయటికి వచ్చి క్యాన్సర్ కణాన్నే పెంచుతాయి. ఎక్స్‌రేలో ఆ ఎముక తెల్లగా, మందంగా కనిపిస్తుంది. చూడటానికి గట్టి, కానీ లోపల బలం ఉండదు. జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ అనే ఎముక ఇంజెక్షన్లు ఈ కబుర్లను అడ్డుకునేవే. అవి వేసే ముందు పళ్ళ డాక్టరుకు చూపించుకోమని చెబుతాము. ఆ మందు మీద ఉండగా పన్ను పీకితే దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం ఉంది. తరువాతయినా పన్ను పీకించుకోవలసి వస్తే ఆ డాక్టరుకు ఈ ఇంజెక్షన్ సంగతి చెప్పండి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. "అయితే ఇప్పుడు ఎముక క్యాన్సర్ కూడా వచ్చిందా?" అని అడుగుతారు. రాలేదు. వెన్నెముకలో ఉన్నది ప్రోస్టేట్ కణమే. ఎక్కడ ఉన్నా అది టెస్టోస్టిరాన్ కబురు వింటుంది. అందుకే నడుం నొప్పికి హార్మోన్ మందు ఇస్తే నొప్పి తగ్గుతుంది.

కబురు ఆపే మందులు

కదలికను నడిపే కైనేజులను ఆపితే జబ్బు పాకడం ఆగిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. శాస్త్రజ్ఞులకూ అనిపించింది. సార్క్‌ను ఆపే డాసాటినిబ్ అనే మాత్ర గిన్నెలో కణాల నడకను బాగా తగ్గించింది. దాన్ని డోసిటాక్సెల్ కీమోతో కలిపి 1522 మంది రోగుల్లో పరీక్షించారు. ఫలితం 2013లో అచ్చయింది: మాత్ర కలిపినవాళ్ళు కలపనివాళ్ళ కన్నా ఎక్కువ కాలం బతకలేదు. "చెదరగొట్టే" కబురును ఆపే మరో మాత్ర గతి కూడా అంతే అయింది. బజారులో ఒక దారి మూస్తే లారీలు పక్క సందులోంచి వెళ్ళినట్టు కణం వేరే గొలుసు వాడుకుంటుంది. పైగా జబ్బు బయటపడేనాటికి చాలా కణాలు ప్రయాణం ముగించి ఎముకలో స్థిరపడి ఉంటాయి. క్యాన్సర్ పాకకుండా ఆపే పొడి అనో కషాయం అనో మీకు ఎవరైనా అమ్మజూపితే ఈ సంగతి జ్ఞాపకం చేసుకోండి. ఏ కణాన్ని, ఏ గొలుసును ఆపుతుందో తెలిసిన మాత్రే వందల మంది నిపుణులు కూర్చొని పరీక్షిస్తే నిలబడలేదు.

పనిచేసినవి ఏవంటే, మళ్ళీ ఆ పాత పెద్ద కబురు మీద దెబ్బ కొట్టినవే. హార్మోన్ వైద్యం కొంతకాలానికి, కొందరికి ఏడాదిన్నరకు, కొందరికి చాలా ఏళ్ళకు, పట్టు తప్పుతుంది. అప్పుడు క్యాన్సర్ కణం టెస్టోస్టిరాన్ అవసరం లేకుండా పోయిందని ఒకప్పుడు అనుకునేవారు. అది పొరపాటని తేలింది. కణం రిసెప్టర్ల సంఖ్య పెంచుకుంటుంది, కొద్దిపాటి హార్మోన్‌కే స్పందిస్తుంది, తానే కొంత తయారు చేసుకుంటుంది. అంటే వినికిడి పెంచుకుంటుంది. అడ్రినల్‌లో, కణంలో కూడా తయారీని ఆపే అబిరాటిరోన్ 2011లో, రిసెప్టర్‌నే మూసే ఎంజాలుటమైడ్ 2012లో అమెరికాలో అనుమతి పొందాయి. మొదట వీటి ధర వింటేనే గుండె ఆగేలా ఉండేది. ఇప్పుడు మన దేశంలో తయారైన జెనరిక్ రకాలు దొరుకుతున్నాయి. 2017 నుంచి వచ్చిన పరిశోధనల వల్ల జబ్బు పాకినట్టు తెలిసిన మొదట్లోనే హార్మోన్ వైద్యానికి వీటిలో ఒకటి కలపడం మంచిదని తెలిసింది. కొందరికి కీమో, కొందరికి నొప్పి ఉన్న ఎముకకు రేడియేషన్, బీఆర్‌సీఏ జన్యు లోపం ఉన్నవారికి వేరే మాత్రలు ఉన్నాయి. ఎవరికి ఏది అన్నది రిపోర్టులు చూసి చెప్పాల్సిందే.

ఖర్చు గురించి దిగులుపడి ఆలస్యం చేయవద్దు. నాంపల్లి స్టేషన్‌కు దగ్గరలోనే రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో క్యాన్సర్ వైద్యం ఉంది, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. కార్డు, ఆధార్, పాత రిపోర్టులు అన్నీ ఒకే సంచిలో పెట్టుకొని వెళ్ళండి.

కత్తి తగిలితే పాకుతుందా?

ఈ భయం మన దగ్గర చాలా గట్టిగా ఉంది. "బయాప్సీ చేశాకే మామయ్యకు జబ్బు ముదిరింది, సూది పడకపోతే ఇంకా పదేళ్ళు ఉండేవాడు" అంటారు. పైన చెప్పినదంతా చదివినవారికి ఇందులో పొరపాటు కనిపిస్తుంది. సూది గుచ్చినంత మాత్రాన కణం ఎముకకు వెళ్ళలేదు. పట్టు వదలాలి, పొర కరిగించాలి, రక్తంలో బతకాలి, ఎముక పిలుపు అందుకోవాలి. ఈ విద్యలన్నీ అది బయాప్సీకి చాలా ముందే, నెలలు సంవత్సరాల తరబడి నేర్చుకుంటుంది. ప్రోస్టేట్ బయాప్సీలో సూది దారిలో క్యాన్సర్ మొలవడం చాలా అరుదు. మామయ్యకు జబ్బు ముదరబట్టే లక్షణాలు వచ్చాయి, లక్షణాలు వచ్చాయి కనుకే బయాప్సీ చేశారు. బయాప్సీ తరువాత జ్వరం వస్తే మాత్రం వెంటనే రావాలి, అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు.

పీఎస్ఏ పరీక్ష అందరికీ ప్రతి ఏడాదీ చేయాలా అన్నదాని మీద డాక్టర్లలోనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. మామూలు వాపుతో, ఇన్‌ఫెక్షన్‌తో కూడా అది పెరుగుతుంది. నాలుగు దాటగానే క్యాన్సర్ అని వణికిపోనక్కరలేదు. అయితే యాభై దాటినవారు, తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు ఉంటే నలభై అయిదు దాటినవారు, ఒకసారి డాక్టరుగారితో మాట్లాడి నిర్ణయించుకోవడం మంచిది. మూటలు మోసేవారికి, గల్లా ముందు రోజంతా కూర్చునేవారికి నడుం నొప్పి రావడం సహజం. కానీ అరవై దాటిన మనిషికి కొత్తగా వచ్చి, పడుకున్నా తగ్గక, రాత్రుళ్ళు లేపుతూ, వారాలు గడిచేకొద్దీ పెరిగే నొప్పిని బరువు మీదికి నెట్టేసి బామ్‌తో సరిపెట్టకండి. ఒక ఎక్స్‌రే, ఒక పీఎస్ఏ, డాక్టరుగారి వేలి పరీక్ష చాలు అనుమానం తీరడానికో, బలపడటానికో.

చివరిగా, ప్రోస్టేట్ క్యాన్సర్ ఉందని తెలిసిన మనిషి ఇంట్లో ఉంటే ఈ పేరా చించి గోడకు అంటించుకోండి. కాళ్ళు బరువెక్కడం, నడుస్తుంటే తూలడం, తొడల మధ్య తిమ్మిరి, మూత్రం బిగబట్టడం లేదా తెలియకుండా పోవడం, నడుం నుంచి పట్టీ కట్టినట్టు ముందుకు పాకే నొప్పి. వీటిలో ఏది కనిపించినా వెన్నుపూసలోని గడ్డ వెన్నుపామును నొక్కుతోందేమో అని భయపడాలి. రేపటి ఓపీకి కాదు, ఆదివారం ఆరాధన అయ్యాక కాదు, ఆ పూటే ఎమర్జెన్సీకి తీసుకురండి. ఎమ్మారై తీసి, స్టెరాయిడ్ ఇచ్చి, రేడియేషన్‌కో ఆపరేషన్‌కో పంపుతాము. నడవగలిగిన స్థితిలో వచ్చినవాళ్ళలో ఎక్కువమంది నడుస్తూనే ఉంటారు. కాళ్ళు పూర్తిగా పడిపోయి రెండు రోజులు దాటాక వచ్చినవాళ్ళకు తిరిగి నడక రావడం చాలా కష్టం. ఆటోలో కూర్చోబెట్టేటప్పుడు నడుం వంచకుండా, వీలైతే అంబులెన్స్‌లో వెల్లకిలా పడుకోబెట్టి తీసుకురండి. 108కి ఫోన్ చేస్తే వస్తుంది.